తండ్రి మరణించాక అందిన ఉత్తరాలు

1929 జూన్ నెలలో భారతదేశం నుండి లండన్‌లోని ఒక ఇంటికి తంతివార్త చేరింది. తమిళనాట సేలంకు చేరువనున్న కొల్లి కొండలలో క్రైస్తవ మిషనరీగా పనిచేస్తున్న జెస్సీ బ్రాండ్ మరణించారన్నది ఆ వార్త. మలేరియా వికటించి, మూత్రం నల్లబారే జ్వరంగా మారి ఆయనను బలిగొన్నది. ఆ ఇంట ఉన్న ఆయన కుమారుడు పాల్‌కు అప్పటికి పదిహేనేళ్ళు నిండలేదు.

తంతి వేగంగా వస్తుంది; ఉత్తరం ఓడలో నిదానంగా వస్తుంది. అందువల్ల మరణవార్త విన్న తరువాత కూడా కొన్ని వారాలపాటు తండ్రి చేతివ్రాతతో ఉత్తరాలు ఆ బాలునికి అందుతూనే ఉన్నాయి. వాటిలో ఉపదేశాలు తక్కువ. గుర్రం మీద కొండదారిన వెళుతూ తాను చూచిన చెట్లు, పక్షులు, కొండల రంగులు, దేవుడు సృష్టించిన లోకాన్ని చూచి ఆనందించమనే మాట - ఇంతే. తండ్రి లేడని తెలిసి, తండ్రి మాటలు అంత సంతోషంగా వినవలసి రావడం ఆ వయస్సు పిల్లవానికి ఎటువంటి అనుభవమో ఊహించవచ్చు.

జెస్సీ బ్రాండ్ ఇంగ్లండులో గృహనిర్మాణం పని నేర్చినవారు. దానికి తోడు మిషనరీల కోసం నడిపే ఏడాది వైద్యశిక్షణ పొంది 1907లో మన దేశానికి వచ్చారు. 1913లో ఎవెలిన్ హారిస్‌ను వివాహమాడి, మలేరియాకు పేరుమోసిన ఆ కొండలమీద కాపురం పెట్టారు. ఇళ్ళు కట్టారు, బడులు నడిపారు, పళ్ళు పీకారు, కాళ్ళలో నారిపురుగు పెరిగినవారు వస్తే దానిని పుల్లకు చుట్టి మెల్లమెల్లగా లాగి తీసేవారు. 1914లో పాల్, తరువాత చెల్లెలు కానీ అక్కడే పెరిగారు. తల్లి పాఠాలు చెప్పేది; పాల్ చెట్టెక్కి కూర్చుని లెక్కలు చేస్తానంటే ఆమె అందుకూ ఒప్పుకొన్నది.

తండ్రి పాఠం నడకలో సాగేది. పిల్లలను వెంట తీసుకొని అడవిలో నడుస్తూ ఆయన ఆగేవారు. చెదపుట్టను పగులగొట్టి లోపలి గదులను, గాలి ఆడే దారులను చూపేవారు. కన్నానికి మూత అల్లుకొని లోపల పొంచి ఉండే సాలెపురుగును చూపేవారు. ఇల్లు కట్టడం తెలిసిన మనిషి గనుక ఏ పురుగు ఎంత నేర్పుగా కట్టిందో ఆయనకు వెంటనే తెలిసేది. ఇంట కూర్చున్నప్పుడు, దారిని నడిచేటప్పుడు దేవుని మాట పిల్లలతో ముచ్చటించాలని ద్వితీయోపదేశకాండము చెబుతుంది. ఆ ఆజ్ఞలోని రెండవ భాగాన్ని చాలా క్రైస్తవ గృహాలు మరచిపోయాయి. సాయంకాలపు ప్రార్థన ముగిస్తే తండ్రి పని ముగిసిందనుకొంటాయి. జెస్సీ బ్రాండ్ అలా అనుకోలేదు. పిల్లవానితో నడవడం ఆయన దృష్టిలో తీరికవేళ కాలక్షేపం కాదు, చేయవలసిన పని.

పిల్లలు చెప్పినదానికంటె చూచినదానిని ఎక్కువగా దాచుకొంటారు. మొదటి ప్రపంచయుద్ధం ముగిసే రోజులలో ఇన్‌ఫ్లుయెంజా ఆ కొండల మీదికీ ప్రాకింది. సొంత మనుషులే రోగుల దరిదాపులకు పోని సమయంలో బ్రాండ్ దంపతులు గంజి కాచి ఇల్లిల్లూ తిరిగారు. వారి బోధను ఏళ్ళ తరబడి ఎదిరించిన స్థానిక పూజారి కూడా అప్పుడే మంచం పట్టాడు. తనవారెవరూ తొంగిచూడనప్పుడు వీరు వచ్చి సేవ చేయడం చూచి, చనిపోతూ తన బిడ్డలను వీరికే అప్పగించాడు.

అయితే పాల్ చూచినవన్నీ ధైర్యానికి సంబంధించినవి కావు. అతనికి ఏడేళ్ళ ప్రాయంలో కుష్ఠువ్యాధిగ్రస్తులు ముగ్గురు వైద్యానికి వచ్చారు. తండ్రి పిల్లలను లోపలికి పొమ్మని, చేతులకు తొడుగులు వేసుకొని, వారి పుండ్లకు మందు వేసి కట్టు కట్టాడు. వారు వెళ్ళాక, వారు ముట్టిన బుట్టను తల్లి తగులబెట్టింది. ఆ చోట ఆడుకోవద్దని పిల్లలకు చెప్పింది. ఆనాటి వైద్యజ్ఞానం అంతే. తండ్రి ముఖంలో దయతో పాటు భయాన్ని కూడా కుమారుడు చూచాడు. దోషమెరుగని తండ్రిగా జెస్సీ బ్రాండ్‌ను చిత్రించదలచినవారు ఈ బుట్ట సంగతి విడిచిపెట్టవచ్చు. కాని విడిచిపెడితే కథ సగమే.

1923లో కుటుంబం ఇంగ్లండు వెళ్ళింది. అప్పటి మిషనరీల ఆనవాయితీ ప్రకారం పిల్లలిద్దరినీ చదువు కోసం తల్లిగారి అక్కచెల్లెళ్ళ వద్ద ఉంచి, దంపతులు తిరిగి కొండలకు వచ్చారు. ఈ ఆనవాయితీని మెచ్చుకోవడం కష్టం. దేవుని పని పేర తొమ్మిదేళ్ళ పిల్లవానిని సముద్రానికి ఆవల విడిచిరావడంలో ఉన్న క్రౌర్యాన్ని ఆ తరం సరిగా తూచలేదు. జెస్సీ బ్రాండ్ కుమారుని మరల చూడనే లేదు. భర్త పోయిన తరువాత తల్లి ఇంగ్లండు చేరినప్పుడు, ఎదుట నిలిచిన ఆ వడలిన స్త్రీ తన తల్లేనని పాల్ నమ్మలేకపోయాడు. ఉత్తరాలు ఆ లోటును పూడ్చాయని ఎవరూ అనలేరు. అయినా ఏళ్ళ తరబడి ఆగకుండా వ్రాయబట్టే, పోయిన తండ్రి ఆ పిల్లవానికి అపరిచితుడు కాలేదు.

పాల్ వైద్యం చదువుతానంటే ఖర్చు భరిస్తానని బంధువొకరు ముందుకు వచ్చారు. అతడు వద్దన్నాడు. చిన్ననాడు చూచిన చీము, నెత్తురు, నారిపురుగులు అతనికి రోత పుట్టించాయి. తండ్రి వలెనే నిర్మాణం పనిలో చేరి, కొన్నేళ్ళు వడ్రంగం, తాపీపని నేర్చాడు. మిషనరీగా వెళ్ళే తలంపుతో తండ్రి చదివిన ఏడాది వైద్యశిక్షణలోనే చేరినప్పుడు, ప్రాణాపాయంలో ఉన్న ఒక యువతికి నెత్తురు ఎక్కించగా చెక్కిళ్ళకు తిరిగి రంగు రావడం చూచాడు. అప్పుడు మనసు మారింది.

డాక్టర్ పాల్ బ్రాండ్ 1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చారు. చిత్తూరు, నెల్లూరు జిల్లాల వారికి ఆ ఆసుపత్రిని పరిచయం చేయనక్కరలేదు. మరుసటి ఏడు చెంగల్పట్టు కుష్ఠువ్యాధి ఆసుపత్రిలో, వ్రేళ్ళు ముడుచుకుపోయిన ఒక రోగికి తన చేయి అందించి గట్టిగా పట్టుకోమన్నారు. తొడుగు లేని చేయి. ఆ పట్టు నొప్పి పుట్టించేంత బలంగా ఉంది. పనిచేసే కండరాలు ఇంకా మిగిలే ఉన్నాయని ఆయన గ్రహించారు. చచ్చుబడని కండరాల స్నాయువులను మరో చోటికి మార్చి, ముడుచుకున్న వ్రేళ్ళను తెరచే శస్త్రచికిత్సలు అక్కడినుండి రూపుదిద్దుకొన్నాయి.

చేయి తెరచుకొన్నా, కుష్ఠువ్యాధి వచ్చినవానికి పని ఎవరిస్తారు? వేలూరులో వారి కోసం ఒక చిన్న పల్లె వెలసింది. అక్కడ వారికి వడ్రంగం నేర్పారు. తండ్రి వలెనే నేర్చుకొన్న పని ఇన్నేళ్ళకు అక్కరకు వచ్చింది. ఉలి, సుత్తి పట్టే చేతులను రోజూ పరిశీలించే కొద్దీ, వ్రేళ్ళు కేవలం వ్యాధి వల్ల రాలిపోవడం లేదనీ, నొప్పి తెలియక తగిలే గాయాలు వాటిని పాడుచేస్తున్నాయనీ తేలింది. కాని కొందరికి రాత్రి నిద్రపోయి లేచేసరికి వ్రేలి ముక్క కనిపించేది కాదు. కాపలా ఉండి చూస్తే, ఎలుకలు కొరుకుతున్నాయి. నొప్పి లేదు గనుక నిద్రపోతున్నవారికి తెలియడం లేదు. ఆనాటినుండి ఇంటికి వెళ్ళే ప్రతి రోగీ వెంట ఒక పిల్లిని తీసుకువెళ్ళడం అక్కడ నియమమైంది.