పేరుదేముందంటారా?

మొన్న ఆదివారం మధ్యాహ్నం మా అమ్మాయి బలవంతం మీద ఓ డాక్యుమెంటరీ చూశాను. పేరు 'ది రెకింగ్ క్రూ'. 1960లలో అమెరికాలోని లాస్ ఏంజెలిస్ స్టూడియోల్లో హిట్ పాటలకు వెనకుండి వాయించిన కళాకారుల కథ. నాకు ఇంగ్లీషు పాటలు పెద్దగా తెలియవు. కాసేపు చూసి వంటింట్లోకి పోదామనుకున్నదాన్ని చివరిదాకా కదల్లేదు. కారణం, అంతమంది మగవాళ్ల మధ్య గిటారు పట్టుకుని కూర్చున్న ఒక్క ఆడమనిషి. కెరోల్ కే.

ఆమె 1935లో పుట్టింది. పేదిల్లు. పద్నాలుగేళ్లకే గిటారు పాఠాలు చెప్పి ఇంటికి నాలుగు డబ్బులు తెచ్చేది. తర్వాత పిల్లల్నీ, తల్లినీ పోషించుకోవడానికి స్టూడియోల్లో వాయించడం మొదలుపెట్టింది. 1963లో ఒక రికార్డింగుకు బేస్ గిటారు వాయించేవాడు రాకపోతే ఆ పని ఈమెకిచ్చారు. అంతే, అదే ఆమె జీవితమైపోయింది. మొత్తంమీద పదివేల రికార్డింగుల్లో వాయించి ఉంటుందని అంచనా. 1966లో వచ్చిన బీచ్ బాయ్స్ వాళ్ల 'పెట్ సౌండ్స్' ఆల్బమ్‌లో చాలా పాటలకు బేస్ ఆమెదే. 1967లో సోనీ, షేర్ జంట పాడిన 'ద బీట్ గోస్ ఆన్' పాటను వినగానే గుర్తుపట్టించే ఆ బేస్ వరస ఆమె అప్పటికప్పుడు అల్లిందే. పాట రాసినవారిగా పేరు మాత్రం సోనీ బోనోది. ఆమెకు దక్కింది ఆ పూట కూలి.

కూలి బాగానే ఇచ్చారు, కాదనను. యూనియన్ రేటు ఉండేది, పని చేతినిండా ఉండేది. కానీ రికార్డు లక్షల్లో అమ్ముడుపోయినా ఆ లాభంలో వాటా లేదు. చాలా రికార్డుల అట్టమీద వీళ్ల పేర్లూ లేవు. బొమ్మ ఒకరిది, చేయి ఇంకొకరిది.

ఆ సినిమా తీసిన డెనీ టెడెస్కో, వీళ్లతో కలిసి గిటారు వాయించిన టామీ టెడెస్కో కొడుకు. తండ్రికి క్యాన్సరని తెలిశాక 1996లో మొదలుపెట్టాడు. మరుసటి ఏడే తండ్రి పోయాడు. 2008లో సినిమా పండుగలో చూపించినా, థియేటర్లకు రావడానికి 2015 అయింది. ఎందుకంటే అందులో వినిపించే పాటలకు హక్కుల డబ్బు కట్టాలి. తండ్రి చేతులతో వాయించిన పాటను నలుగురికీ వినిపించడానికి కొడుకు డబ్బు కట్టుకోవలసి వచ్చిందన్నమాట!

అక్కడ నాకు మా అమ్మ గుర్తొచ్చింది.

మా ఊళ్లో ఓ బట్టల దుకాణానికి అమ్మ ఇరవై ఏళ్లు ఇంట్లో కూర్చునే జాకెట్లు కుట్టింది. చీటీమీద కొలతలు రాసి బట్ట పంపేవారు. పెళ్లిళ్లలో ఎవరైనా "ఎక్కడ కుట్టించావే, మెడ ఎంత బాగా కుదిరిందో!" అంటే, దుకాణం పేరే చెప్పేవారు. పక్కనే నిలబడ్డ అమ్మ నవ్వి ఊరుకునేది. నాకు ఉక్రోషం వస్తే, "పేరుదేముందే, కూలి ఇస్తున్నాడుగా" అనేది. ఆ దుకాణం మూతపడింది. అమ్మ మరోచోట పని అడగబోతే, "ఇదివరకు ఎక్కడ చేశారమ్మా?" అన్నారు. ఇరవై ఏళ్ల పనికి చూపించడానికి కాగితమ్ముక్క లేదు. కొత్తగా నేర్చుకున్నవాళ్లకిచ్చే రేటుకే మళ్లీ మొదలుపెట్టింది.

అప్పుడర్థమైంది నాకు. పేరంటే గొప్ప చెప్పుకోవడం కాదు. రేపటి కూలి.

మన పాటల సంగతి మాత్రం? వివిధభారతిలో సినిమా పేరు, పాడినవారు, రాసినవారు, సంగీత దర్శకుడి పేరు వింటూ పెరిగాం. మద్రాసు స్టూడియోల్లో ఆ ఫ్లూటు ఊదిందెవరో, ఆ వయొలిన్లు పట్టిందెవరో నేనెన్నడూ వినలేదు. 2012లో మన కాపీరైట్ చట్టాన్ని సవరించి కళాకారులకు రాయల్టీ హక్కు ఇచ్చారు. సంతోషమే. అయితే సినిమాల దగ్గర అందులో ఓ మెలిక ఉంది. ఎవరి పాత్ర ఏదో సందర్భవశాత్తూ వచ్చిన చిన్నపాటిదై, పరిశ్రమ ఆనవాయితీ ప్రకారం ఎక్కడా పేరు వేయరో, వాళ్లను చట్టం కళాకారులుగా లెక్కించదు. తమ పనిని వికృతం చేస్తే అడ్డుచెప్పే హక్కొక్కటే మిగులుతుంది. ఏది చిన్నపాటిదో తేల్చేదెవరు? పేరు వేయని అలవాటే హక్కు లేకుండా చేసే కారణాల్లో ఒకటైతే, ఇక ఆ అలవాటు మారేదెప్పుడు?

కెరోల్ కే కథలో నాకు బాగా నచ్చింది సినిమా తర్వాత జరిగింది. 2025లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఆమెకు గౌరవం ప్రకటించింది. తొంభై ఏళ్ల ఆ ముసలమ్మ "నాకొద్దు, నేను రాను" అనేసింది. 'రెకింగ్ క్రూ' అంటే కూలగొట్టే ముఠా అని అర్థం. డ్రమ్మర్ హాల్ బ్లెయిన్ 1990లో తన పుస్తకంతో ప్రచారంలోకి తెచ్చిన పేరది. మేం దేన్నీ కూలగొట్టలేదు, ఆ పేరు మాకు అవమానం అంటుందామె. స్టూడియో పనంటే అందరూ కలిసి చేసేదనీ, ఈ సన్మానం ఆ పనిని సరిగ్గా చూపించదనీ ఆమె అభ్యంతరం.

"ఇన్నాళ్లకు పిలిచి పీట వేస్తే ఆ బెట్టేమిటి?" అంది మా పక్కింటావిడ. బెట్టు కాదండీ. పేరు లేకుండా చేయడం ఒక అన్యాయమైతే, మనల్ని అడక్కుండా మనకో పేరు తగిలించడం ఇంకో రకం అన్యాయం. మనకీ తెలియనిదా? 'ఫలానావారి కోడలు', 'ఏ పనీ చేయదు, ఇంట్లోనే ఉంటుంది'. ఇవీ తగిలించిన పేర్లే కదా.

అందుకే నా మట్టుకు నేను ఓ చిన్న పని మొదలుపెట్టాను. అమ్మ కుట్టిన జాకెట్టొకటి ఇంకా నా దగ్గరుంది. దాన్ని కట్టుకెళ్లినప్పుడు ఎవరైనా మెచ్చుకుంటే, "మా అమ్మ కుట్టింది" అని ఆపేయడం లేదు. అమ్మ పేరు చెబుతున్నాను, ఇంటిపేరుతో సహా.