ఒక్క కార్డుతో తేల్చేస్తారా?

ఆపరేషన్‌కు ముందు రాసే రక్తపరీక్షల చీటీలో షుగర్, హిమోగ్లోబిన్‌ల సరసన ‘వైరల్ మార్కర్లు’ అని ఓ ముక్క ఉంటుంది. అందులో హెచ్ఐవీ కూడా ఉందని అనేక ప్రైవేటు ఆసుపత్రుల్లో రోగికి చెప్పరు, సమ్మతి అడగరు. ఇరవై నిమిషాల్లో ర్యాపిడ్ పరీక్ష కార్డు మీద రెండో గీత (పాజిటివ్ సూచన) పడితే మాత్రం, ఆ కబురు రోగికంటే ముందే వార్డుకూ, తోడొచ్చిన బావమరిదికీ చేరుతుంది. ఆపరేషన్ వాయిదా పడుతుంది.

ఇది చట్టవిరుద్ధం. 2018 సెప్టెంబరు 10న అమల్లోకి వచ్చిన హెచ్ఐవీ, ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం ప్రకారం విషయం వివరించి సమ్మతి తీసుకున్నాకే పరీక్ష చేయాలి. వైద్యం చేయడానికి ఈ పరీక్షను షరతుగా పెట్టకూడదు. చట్టం సంగతి అప్పుడప్పుడైనా చర్చకు వస్తుంది. ఒక్క కార్డుతో తేల్చేయడం శాస్త్రానికీ విరుద్ధమన్న సంగతే ఎవరికీ పట్టడం లేదు.

ర్యాపిడ్ పరీక్ష మీద మాకు ఫిర్యాదు లేదు. ఫలితానికి రోజుల తరబడి ఆగాల్సిన కాలంలో రక్తమిచ్చి వెళ్లినవారిలో చాలామంది మళ్లీ వచ్చేవారు కాదు. అమెరికాలో 2000లో ప్రభుత్వ కేంద్రాల్లో పాజిటివ్‌గా తేలినవారిలో 31 శాతం మంది ఫలితం కోసం తిరిగి రాలేదని అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ అంచనా. వేలి కొసన చుక్క రక్తంతో, కూర్చున్న చోటే ఫలితం చెప్పే కార్డు ఆ లోటు పూడ్చింది. మళ్లీ కూలి పోగొట్టుకుని బస్సెక్కే పని తప్పింది. నొప్పులతో నేరుగా వచ్చిన గర్భిణిని అప్పటికప్పుడు పరీక్షించి, బిడ్డకు సోకకుండా మందు మొదలుపెట్టగలుగుతున్నారు.

కానీ లెక్క చూడండి. దేశంలో పెద్దల్లో హెచ్ఐవీ ఉన్నవారు సుమారు 0.2 శాతం, అంటే పదివేల మందిలో 20 మంది. ఆ ఇరవై మందినీ కార్డు పట్టుకుందనుకుందాం. వైరస్ లేనివారిలో 99.5 శాతం మందికి సరిగానే చెప్పిందనుకుందాం. అయినా దాదాపు 50 మందికి తప్పుడు గీత పడుతుంది. గీత పడిన 70 మందిలో 50 మందికి జబ్బే లేదన్నమాట! తెలుగు రాష్ట్రాల్లో హెచ్ఐవీ జాతీయ సగటు కంటే ఎక్కువ కనుక ఈ పొరపాటు వాటా తగ్గుతుందేమో గానీ పోదు. అందుకే జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (న్యాకో) ఆధ్వర్యంలోని సమీకృత సలహా, పరీక్ష కేంద్రాల్లో (ఐసీటీసీల్లో) మొదటి కిట్‌లో గీత పడితే (రియాక్టివ్) వేర్వేరు రకాల కిట్లతో మరో రెండు పరీక్షలు చేస్తారు. మూడూ ఒకే మాట చెబితేనే పాజిటివ్. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో అన్ని దేశాలకూ చేసిన సూచన ఇదే. ప్రభుత్వాసుపత్రి మూలగదిలో ఉచితంగా పాటిస్తున్న ఈ పద్ధతి డబ్బు తీసుకునే చోట ఎందుకు లేదు?

ఆపరేషన్‌కు ముందు ఈ పరీక్ష తమ భద్రత కోసమని డాక్టర్లు అంటారు. ఆ వాదనా నిలవదు. వైరస్ సోకిన తొలి వారాల్లో, ఒక్కోసారి మూడు నెలల దాకా, యాంటీబాడీ కార్డు నెగటివ్ చూపొచ్చు. ఆ కార్డును నమ్మి గ్లవ్స్ విషయంలో అలసత్వం చూపే సర్జన్‌కే ముప్పు. అందరి రక్తం విషయంలోనూ ఒకే జాగ్రత్త పాటించాలి. సూది గుచ్చుకుంటే 72 గంటల్లోగా నివారణ మందులు మొదలుపెట్టాలి. రక్షణ ఇచ్చేవి ఇవే.

పరీక్ష చేయించుకోవడానికి జనం వెనకాడేది సూదికి భయపడి కాదు, గుట్టు బయటపడుతుందని. చిగుళ్ల తడితో ఇంట్లోనే, గుట్టుగా చేసుకునే ఓరాక్విక్ కిట్‌కు అమెరికా 2012లో అనుమతిచ్చింది. మామూలు మనుషుల చేతుల్లో అది వైరస్ ఉన్న ప్రతి 12 మందిలో ఒకరిని పట్టుకోలేదని తెలిసీ ఇచ్చింది. గోప్యతకు అంత విలువ ఉంది మరి.

ఒక్క కార్డు ఫలితం మీద ఏ ల్యాబూ ‘పాజిటివ్’ అని రాయకూడదు. ‘రియాక్టివ్, నిర్ధారణ అవసరం’ అని రాసి, రోగి చేతికే ఇచ్చి, ఐసీటీసీ కౌన్సెలర్ వద్దకు పంపాలి. ఇరవై మంది, అంతకు మించి పనిచేసే వైద్య సంస్థల్లో చట్టం కోరిన ఫిర్యాదుల అధికారి పేరు, రాష్ట్ర అంబుడ్స్‌మన్ ఫోన్ నంబరు గోడ మీద కనబడాలి. ఇవి లేని ఆసుపత్రికి జిల్లా వైద్యాధికారులు రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయకూడదు.