కళకు అర్హులెవ్వరు?

మన పాఠశాలలలో ఉత్సవదినం సమీపించిందంటే ముందుగా పోటీల పట్టిక తయారవుతుంది. పాటల పోటీ, ముగ్గుల పోటీ, చిత్రలేఖనం పోటీ, ఆఖరుకు బతుకమ్మల పోటీ. ప్రతిదానికీ మూడు బహుమతులు. గెలిచినవారికి సంతోషం, ఓడినవారికి విచారం కలుగుతాయి. ఆ రెండింటికీ నోచుకోని బాలబాలికలు కొందరు ప్రతి ఊరిలోనూ ఉన్నారు. చూపు చాలని పిల్ల, చెవి వినబడని పిల్లవాడు, చేయి వంగనివాడొకడు, ఒక మాటను పదిసార్లు చెప్పితే గాని గ్రహింపలేని బాలిక ఒకతె - వీరి పేర్లు ఏ పట్టికలోనూ ఉండవు. వీరికి ముందువరుసలో కుర్చీలు వేసి, హాయిగా కూర్చుండి చూడండి అంటాము. ఆ కుర్చీ దయతో వేసినదే, సందేహం లేదు. కాని చేసేవారి నడుమ నుండి పిల్లవానిని తప్పించి, చూచేవారిలో కూర్చుండబెట్టినది కూడా ఆ కుర్చీయే.

ఇది ధర్మమా అన్నది ఒక ప్రశ్న. కళకైనా ఇది మేలు చేస్తుందా అన్నది రెండవ ప్రశ్న. ధర్మమూ కాదు, మేలూ లేదని నా అభిప్రాయం.

ఇందుకు ప్రమాణం కోసం దూరదేశాలకు పోనక్కరలేదు. సంగారెడ్డికి చేరువనున్న ఇస్మాయిల్‌ఖాన్‌పేటలోగాని, అటు పటాన్‌చెరు వరకు పరచుకొన్న కర్మాగారాల నడుమ మిగిలిన మరే పల్లెలోగాని, మహాలయ అమావాస్య మొదలు తొమ్మిది దినాలు ఇంటింటా వెలసే బతుకమ్మను చూడండి. 2014లో తెలంగాణ రాష్ట్రం దానిని రాష్ట్రపండుగగా ప్రకటించినది. ఆ గౌరవం అటుంచి, అది తయారయ్యే తీరును గమనించండి. ఒకరు చేలగట్లు తిరిగి తంగేడు, గునుగు కోసుకొని వస్తారు. ఒకరు గునుగు కాడలను సమంగా కత్తిరిస్తారు. ఒకరు కొనలను రంగులో ముంచి ఆరబెడతారు. ఒకరు తాంబాళంలో ఆకులు పరచి వరుసలు పేరుస్తారు. వరుస పెరిగినకొద్దీ నడుమ ఏర్పడే ఖాళీని ఆకులతో, కాడల ముక్కలతో నింపుతూ పోయేవారు మరొకరు. ఆ నింపుడు ఎవరికీ కనబడదు. కాని నడుమ నింపని బతుకమ్మ చెరువుదాకా రాదు, దారిలోనే ఒరిగిపోతుంది.

ఇన్ని పనులున్నచోట ఇన్ని రకాల చేతులకు చోటున్నది. గునుగు కంకి మెత్తదనాన్ని, బంతిపూవు నిండుదనాన్ని చూపులేని వేళ్ళు మనకంటె బాగా గుర్తిస్తాయి. వినబడని పిల్లకు వలయంలో తిరిగేవారి అడుగులు, చేతులు కంటితోనే తాళం చెబుతాయి. మెల్లగా నేర్చేవానికి తిరిగి తిరిగి చేసే పని భారం కాదు, ధైర్యం. ఇంటిలో ముసలమ్మకు చేయి వణకుతున్నదని ఎవరూ ఆమెను పూలదగ్గరనుండి లేవగొట్టరు గదా! ఆ న్యాయమే పాఠశాలలో ఎందుకు మరచిపోతున్నాము?

మన చేతివృత్తులన్నీ ఈ న్యాయంమీదనే నిలిచినవి. మగ్గంమీద కూర్చుండి చీర నేసేది ఒకరే అయినా, ఆ మగ్గానికి కండెలు చుట్టి ఇచ్చే చేతులు ఇంటిలో ఎన్నో ఉంటాయి. కొండపల్లి బొమ్మ తెల్లపొణికి కర్రను చెక్కేవారు, అతికేవారు, రంగులు దిద్దేవారు కలిస్తేనే బొమ్మ అవుతుంది. మన జిల్లాలోని కొండాపూరు త్రవ్వకాలలో బయటపడిన శాతవాహనకాలపు మట్టిబొమ్మలను అక్కడి ప్రదర్శనశాలలో చూచినవారెందరో ఉన్నారు. వాటి క్రింద శిల్పి పేరు లేదు. మట్టి పిసికినదెవరో, అచ్చు తీసినదెవరో, కాల్చినదెవరో, వారిలో ఎవరి కాలు కుంటిదో, ఎవరి కన్ను మసకో మనం అడుగము. బొమ్మ బాగున్నదని మాత్రం అంటాము.

అయితే పండితులొక ఆక్షేపణ చేయవచ్చును: అందరినీ రానిస్తే కళాప్రమాణం పడిపోదా అని. ఈ ఆక్షేపణ క్రొత్తది కాదు. భారతం అరణ్యపర్వంలో జనకమహారాజు ద్వారంవద్ద అష్టావక్రుని ద్వారపాలకుడు అడ్డగించినాడు. బాలురకు ప్రవేశం లేదన్నాడు. ఎట్టకేలకు లోపలికి పోయిన ఆ బాలుడే వందిని వాదంలో ఓడించినాడు. ద్వారపాలకుడు కొలిచినది వయస్సును. సభకు కావలసినది విద్య. కొలబద్ద ఒకటి, వస్తువు మరొకటి అయినది.

మన కాలానికి దగ్గరి ఉదాహరణలు కావలెనా? చూపు మందగించిన ద్వారం వెంకటస్వామినాయుడుగారు 1919లో విజయనగరం సంగీతకళాశాలలో ఆచార్యులై, 1936లో దానికే అధ్యక్షులై, తెలుగువారి వాయులీనానికి పేరు తెచ్చినారు. శాంతినికేతనంలో వినోదబిహారీ ముఖర్జీ పూర్తిగా చూపు కోల్పోయిన తరువాత కాగితాలు కత్తిరించి చిత్రాలు కూర్చినారు. 1972లో అక్కడి కళాభవనం గోడకు పింగాణి పలకల కుడ్యచిత్రం నిర్మించినారు. అమెరికాలో జూడిత్ స్కాట్ అనే ఆమె పుట్టుకతో డౌన్ సిండ్రోమ్ కలది, చెవి వినబడనిది. ముప్పది ఏండ్లకు పైగా సంరక్షణాలయాలలోనే గడిపినది. 1987లో ఆమె తోబుట్టువు ఆమెను ఓక్లండు నగరంలోని ఒక కళాకేంద్రంలో చేర్చినది. 1974లో స్థాపించిన ఆ కేంద్రం ఇటువంటివారి కోసమే ఏర్పడినది. సుమారు రెండేండ్లు ఆమెకు బొమ్మలు గీయడంమీద మనస్సు పోలేదు. ఆ తరువాత నూలు చేతికి వచ్చినది. దొరికిన వస్తువులచుట్టూ దారాలు చుట్టి చుట్టి ఆమె చేసిన శిల్పాలు నేడు పెద్ద ప్రదర్శనశాలలలో ఉన్నవి. 2005లో ఆమె మరణించినది.

ఈ కథలో ఉపాధ్యాయులు గ్రహింపవలసినది ఆ రెండేండ్లను. కుంచె పట్టలేదని ఆమెను పంపివేయలేదు. ఆమె చేతికి తగిన వస్తువు దొరికేదాకా ఓపిక పట్టినారు. అయితే ఈ మహనీయుల పేర్లు చెప్పి మరొక ప్రమాదంలో పడరాదు. ద్వారంవారంతటి ప్రతిభ ఉంటేనే చోటు ఇస్తామంటే అదికూడా మరొక పోటీయే. కండ్లున్న పిల్లలందరూ చిత్రకారులు కావడం లేదు. అయినా వారి చేతికి రంగులు ఇస్తున్నాము. ఆ సామాన్యమైన హక్కునే మిగిలినవారికీ ఇవ్వుమనడం గొంతెమ్మ కోరిక కాదు.

ఈ ప్రాంతంలో ఈ మాట చెప్పడానికి మరొక కారణం ఉన్నది. పటాన్‌చెరు, పాశమైలారం కర్మాగారాలలో యంత్రాలమధ్య బ్రతికే కుటుంబాలు మన పాఠశాలలకు పిల్లలను పంపుతున్నవి. 2025 జూన్ 30న పాశమైలారంలోని ఒక ఔషధ కర్మాగారంలో జరిగిన ప్రేలుడులో 40 మందికి పైగా ప్రాణాలు కోల్పోయినారు. కాలిన గాయాలతో బయటపడినవారున్నారు. ఇటువంటి చోట వైకల్యం పుట్టుకతో వచ్చే కొద్దిమంది మాట మాత్రమే కాదు; ఉదయం పనికి పోయిన తండ్రి సాయంకాలానికి వేళ్ళు పోగొట్టుకొని రావచ్చును. కళ నష్టపరిహారానికి బదులు కాదు, కర్మాగారపు భద్రతకు అంతకంటె కాదు. అవి వారికి న్యాయంగా రావలసినవి. కాని చేయి పోయినవాడు ఇక దేనికీ పనికిరాడన్న మాట వాడి మనస్సులో నాటుకోకుండా, మిగిలిన చేతితో ఏదైనా నలుగురిలో చేయగల చోటు కూడా ఊరిలో ఒకటి ఉండవలెను. ఒడిశానుండి, బీహారునుండి వచ్చినవారి పిల్లలకు తెలుగు పలుకకపోవచ్చును. పూవు పేర్చడానికి భాష అడ్డు రాదు. ఇస్మాయిల్‌ఖానుగారి పేరును తన 'పేట'తో కలుపుకొన్న ఊరికి ఈ కలుపుగోలుతనం క్రొత్త కాదు.

శాసనమూ ఈ ప్రక్కనే ఉన్నది. 21 రకాల వైకల్యాలను గుర్తించిన 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం, వారి సాంస్కృతిక జీవనాన్ని గురించి ప్రత్యేకంగా ఒక విభాగమే పెట్టినది. కళావిషయాల పాఠ్యక్రమాలను వారు పాల్గొనడానికి వీలుగా మార్చవలెనని చెప్పినది. మండలాలలో భవిత కేంద్రాలున్నవి. సికింద్రాబాదులో 1984లో ఏర్పడిన జాతీయసంస్థ బుద్ధిమాంద్యం గల పిల్లల విద్యనుగురించి కృషి చేస్తున్నది. లేనిది తరగతిగదిలో మన పూనిక.

కనుక ఉపాధ్యాయమిత్రులకు ఒక విన్నపం. వచ్చే బతుకమ్మకు మీ పాఠశాలలో పోటీ మానివేయండి. అందరూ కలిసి ఒకే ఒక పెద్ద బతుకమ్మను పేర్చండి. చక్రాలకుర్చీలో ఉన్న పిల్ల చేయి అందే ఎత్తులో తాంబాళం ఉంచండి. పూలను రకరకాలుగా వేరువేరు గంపలలో పోయండి. తడిమి తీసికొనే వీలుంటుంది. ఒక గంట పట్టే పనికి మూడు గంటలు కేటాయించండి. ఏ పని కావలెనో ఆ పిల్లలనే అడగండి. ఎప్పుడూ కనబడని నింపుడు పనియే వారికి అప్పగిస్తే అదీ వెనుకటి కుర్చీవంటిదే. ఒకనాడు వరుసల రంగులు వారే నిర్ణయించనీయండి. ఇరుగుపొరుగు వృద్ధులను, గాయపడి ఇంట కూర్చున్న కార్మికులను పిలవండి. కులంపేర వలయాలు వేరుచేసిన ఊళ్ళూ ఈ నేలమీద ఉన్నవి గనుక, ఆ గీతను కూడా బడి వాకిట్లోనే చెరిపివేయండి.

విద్యార్థులారా, మీతో ఒక్క మాట. మీ ప్రక్కవాడు వంకరగా పేర్చిన వరుసను వాడు అటు తిరగగానే సరిదిద్దకండి. తొమ్మిదవనాటి సాయంకాలం చెరువులో కలిసిపోయే పూలకు ఆ వంకర ఒక లోపం కాదు. తాను పేర్చిన వరుస తనదిగానే చెరువుదాకా పోయినదని ఆ పిల్లవాడు మాత్రం చాలాకాలం జ్ఞాపకం ఉంచుకొంటాడు.