ఆ తల్లికి రెండు గంటలు ఎవరిస్తారు?

బిడ్డకు ఆటిజం అని డాక్టరు చెప్పిన రోజు నుంచి తల్లికి సలహాలకు కొదవ ఉండదు. ఈ మధ్య వాటికి ఇంకొకటి తోడైంది. "నిన్ను నువ్వు కూడా చూసుకోమ్మా. కంటినిండా నిద్రపో, పొద్దున్నే కాసేపు నడువు, ధ్యానం చెయ్యి." చెప్పేవాళ్ల మనసు మంచిదే. కానీ జమ్మలమడుగులో రెండు గదుల ఇంట్లో, రాత్రి ఒంటిగంటకు లేచి తెల్లారేదాకా ఈ గోడ నుంచి ఆ గోడకు తిరిగే ఏడేళ్ల పిల్లోడున్న తల్లి ఎప్పుడు నడవాలి? ఆమె నడకకు పోతే వాడిని ఎవరు చూడాలి? ఈ ప్రశ్నకు జవాబు లేకుండా ఇచ్చే సలహా ఆమె నెత్తిన మరో పని పెడుతుంది. చేయలేకపోతే అదీ ఆమె తప్పే అవుతుంది.

ఇంకొకరు బిడ్డను పట్టుకుంటేనే ఈ తల్లులకు విశ్రాంతి. అందుకే ఆ సలహా చెప్పవలసింది భర్తకు, అత్తమామలకు, ఇరుగుపొరుగుకు, ఆ తర్వాత ప్రభుత్వానికి.

ఈ అలసట ఎంత లోతుకు దిగుతుందో 2010లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపించారు. యుక్తవయసుకు వచ్చిన, అది దాటిన ఆటిజం పిల్లల తల్లులను వాళ్లు వరుసగా కొన్ని రోజులు గమనించారు. లాలాజలం తీసి, ఒత్తిడికి సంబంధించిన కార్టిసాల్ అనే హార్మోన్‌ను కొలిచారు. యుద్ధరంగంలో పనిచేసిన సైనికుల్లో, ఏళ్ల తరబడి ఒత్తిడిలో బతికినవాళ్లలో కనిపించే తీరుగానే ఈ తల్లుల్లోనూ అది పడిపోయి ఉంది. అరవై డెబ్బై ఏళ్ల అమ్మలు కూడా పదేళ్ల బిడ్డ ఉన్నట్టే ఉలిక్కిపడి లేవడం మనం ఇళ్లల్లో చూస్తూనే ఉన్నాం. ఆటిజం ఉన్న పిల్లల్లో సగం మందికి పైగా నిద్ర సరిగా పట్టదు. దానికి వైద్యం ఉంది, డాక్టరుకు చెప్పాలి. చాలామంది చెప్పరు. బిడ్డకు మాటలు రావడం లేదని చెప్పుకోవడానికే ఉన్న పది నిమిషాలు అయిపోతే, నిద్ర గురించి అడిగేదెప్పుడు?

అలసటకు తోడు నింద. 1943లో లియో కానర్ పదకొండు మంది పిల్లల గురించి రాసి ఆటిజానికి పేరు పెట్టిన తర్వాత, పాశ్చాత్య దేశాల్లో చాలాకాలం తల్లి ప్రేమ చూపకపోవడమే దీనికి కారణమని నమ్మారు. బెర్నార్డ్ రిమ్లాండ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన కొడుక్కూ ఆటిజమే, ఇది మెదడు ఎదుగుదలకు సంబంధించినదని 1964లో పుస్తకం రాసి ఆ మాటను ఖండించారు. అయినా 1967లో బ్రూనో బెటెల్‌హైమ్ తల్లిదండ్రులనే తప్పుపడుతూ రాసిన పుస్తకానికి పెద్ద పేరొచ్చింది. ఆ పుస్తకం జమ్మలమడుగుకు రాలేదు, రానవసరం లేకపోయింది. "కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం పూట బయటికి పోయింటావు." "మా వంశంలో ఇట్లాంటోళ్లు లేరు, మీ పుట్టింటి నుంచి వచ్చిందే." ఇప్పుడైతే, "ఫోన్ చేతికిచ్చి కూచోబెడితే మాటలెట్లా వస్తాయి?" ఫోన్ ఎక్కువైతే ఏ బిడ్డకైనా మాట ఆలస్యం కావచ్చు. ఆటిజం మాత్రం ఫోన్ వల్ల వచ్చేది కాదు. ఎక్కువ భాగం పుట్టుకతోనే, జన్యువుల్లోంచే వస్తుంది. అది తల్లి చేసిన పనీ కాదు, చేయని పనీ కాదు. ఈ ఒక్క సంగతి ఇంట్లో పెద్దవాళ్లు నోరు తెరిచి చెబితే, ఆమె మోస్తున్న బరువులో సగం ఆ పూటే దిగుతుంది.

ఇక వైకల్య ధ్రువపత్రం కోసం పోవాల్సిన సదరం శిబిరం సంగతి చూడండి. సచివాలయంలో స్లాటు పెట్టుకుని, కడపకు డెబ్బై కిలోమీటర్ల దారి పట్టి, గుంపన్నా చప్పుడన్నా పడని బిడ్డతో వరుసలో నిలబడాలి. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టు లేదు, అది నిజంగా మేలు చేసింది. ఆ శిబిరంలో ఆటిజాన్ని కొలిచే భారతీయ పరీక్షలో నలభై అంశాలుంటాయి. ఒక్కోదానికీ ఒకటి నుంచి ఐదు మార్కులు, మొత్తం డెబ్బైకి చేరితే ఆటిజం. కళ్లలోకి చూస్తాడా, పిలిస్తే పలుకుతాడా, తోటి పిల్లలతో కలుస్తాడా? బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని, వాడికి రానివన్నీ ఒక్కొక్కటిగా తల్లి తన నోటితోనే ఒప్పుకోవాలి. ఆ నలభైలో ఆమె గురించి ఒక్కటీ ఉండదు. అది బిడ్డ పరీక్ష కాబట్టి ఉండకపోవడం సబబే. కానీ ఆ ఆసుపత్రిలోనే, ఆ రోజే, తల్లి బీపీ చూసి, రక్తం తీసి హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించడానికి అడ్డేముంది? నెలనెలా ఆసుపత్రికి పోతూ కూడా తన కోసం ఏళ్ల తరబడి ఓపీ చీటీ రాయించుకోని ఆడవాళ్లు వీళ్లు. అమ్మా, ఈసారి కడపకు పోయినప్పుడు మీ పేరు మీద కూడా ఒక చీటీ రాయించండి. మనసు మరీ కుంగినప్పుడు, బతుకు మీద ఆశ పోతున్నప్పుడు 14416కు ఫోన్ చేయండి. టెలీ మానస్ అనే ప్రభుత్వ సేవ అది. పగలూ రాత్రీ, డబ్బు లేకుండా, తెలుగులోనే మాట్లాడతారు.

ఇప్పుడు ఇంట్లోవాళ్లతో మాట. "నాకు వాడితో ఎట్లా వేగాలో తెలీదు" అని తండ్రి అంటాడు, జేజీ అంటుంది. తెలియదన్నది నిజం. తల్లికి కూడా మొదటి రోజు తెలియదు. నేర్చుకుంది. మీరూ నేర్చుకోవచ్చు. మొదట ఆమె ఇంట్లో ఉండగానే ఒక పావుగంట మీరు కూర్చోండి. తర్వాత ఆమె పక్క గదిలో ఉండగా, తర్వాత వీధి చివరి దాకా పోయి వచ్చేలోగా. వచ్చిన మనిషే ప్రతిసారీ రావాలి. రోజుకొకరు మారితే ఈ పిల్లలు బెదురుతారు. అదే రోజు, అదే వేళ అయితే ఇంకా మంచిది. వాడికి తెలియాల్సింది ఎవరొస్తారు, ఎప్పుడొస్తారు, అమ్మ మళ్లీ ఎప్పుడొస్తుంది అన్నవే. మాటలు రాని బిడ్డకు అమ్మ ఫొటో, గడియారం బొమ్మ చూపించి చెప్పవచ్చు.

తల్లి ఒక కాగితం రాసి గోడకు అంటించాలి. వాడు ఏం తింటాడు (సంగటి ముద్ద ముట్టడు, బొరుగులైతే గిన్నె ఖాళీ చేస్తాడు), ఏ చప్పుడుకు చెవులు మూసుకుంటాడు, తల నిమిరితే ఒప్పుకుంటాడా, ఏడుపు మొదలైతే దగ్గరకు తీసుకోవాలా, దూరంగా ఉండి లైటు తగ్గించాలా. మొదటి వరుసలో రాయాల్సింది మాత్రం వాకిలి గడియ సంగతి. ఈ పిల్లల్లో చాలామంది చెప్పకుండా బయటికి పోతారు, చాలామందికి నీళ్లంటే ప్రాణం. మైలవరం కాలువలు, పెన్న, ఊరి బావులు ఉన్న చోట ఆ గడియ మరిచిపోకూడదు. ఇవి రాసి ఉంటే మేనమామ చూడగలడు, పక్కింటి డిగ్రీ చదివే అమ్మాయి చూడగలదు. అప్పుడు తల్లి ఆ రెండు గంటలు ఏం చేస్తుందని అడగకండి. పడుకోనీ. నారాపుర వెంకటేశ్వరస్వామి గుడికి పోయి ఊరికే కూర్చోనీ. ప్రొద్దుటూరుకు పోయి అక్కను చూసి రానీ. ఆ సమయంలో ఇంటి పని చెప్పారా, మీరు పట్టుకుని లాభం లేదు.

తల్లికి తల్లే తోడన్నదానికి కూడా ఆధారం ఉంది. అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో ఎలిజబెత్ డైకెన్స్ బృందం ఆటిజం, ఇతర వైకల్యాలున్న పిల్లల తల్లులు 243 మందితో ఒక పరీక్ష నడిపి 2014లో ఫలితాలు ప్రచురించింది. వారానికి గంటన్నర, ఆరు వారాలు. ఊపిరి మీద ధ్యాస పెట్టడం కొందరికి, అపరాధ భావాన్ని దించుకోవడం కొందరికి నేర్పారు. రెండు పద్ధతుల్లోనూ దిగులు, ఆందోళన తగ్గాయి, నిద్ర మెరుగైంది. నేర్పింది డాక్టర్లు కాదు. ముందుగా శిక్షణ పొందిన, అలాంటి బిడ్డలే ఉన్న తల్లులు. మన దగ్గర ఇది ఎందుకు కాదు? పొదుపు సంఘాలు పెట్టి నడిపిన అనుభవం మన ఆడవాళ్లకు ఉన్నంతగా ఎవరికుంది? సమగ్ర శిక్ష కింద మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. బిడ్డకు పాఠం నడుస్తున్నంతసేపు తల్లులు వసారాలో కాచుకుని ఉంటారు. జమ్మలమడుగులో, ప్రొద్దుటూరులో, పులివెందులలో ఆ వసారాల్లోనే ఐదుగురు తల్లులు సంఘంగా కూర్చుంటే చాలు. ఒకరు వంతులవారీగా పిల్లలను చూస్తే నలుగురికి తీరిక దొరుకుతుంది. అధికారులు కుర్చీలు వేసి, నెలకొకసారి ఒక కౌన్సిలర్‌ను పంపితే అంతకన్నా కావలసింది లేదు.

చట్టం కూడా ఈ తల్లులను పూర్తిగా మరిచిపోలేదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని 21 వైకల్యాల్లో చేర్చింది. ఎక్కువ సాయం అవసరమైనవారి సంరక్షకులకు భృతి గురించి కూడా 24వ సెక్షన్‌లో రాసింది, ప్రభుత్వ ఆర్థిక స్తోమతకు లోబడి అని ఒక మెలికతో. కేరళ ఆశ్వాసకిరణం పథకం కింద సంరక్షకులకు నెలకు 600 రూపాయలు పెట్టింది. చిన్న మొత్తమే, కానీ అది చూసుకునే మనిషికని ఇచ్చింది. మన రాష్ట్రంలో 2024 జులై నుంచి దివ్యాంగుల పింఛను 6,000 రూపాయలైంది, అది బిడ్డది. తల్లి పేరున కూడా ఒక భృతి రావాలి. బిడ్డను చూసుకోవడం కోసం ఆమె వదులుకున్న కూలి ఎవరి లెక్కలోనూ లేదు. వైకల్యం ఉన్న బిడ్డ తల్లికి శిశు సంరక్షణ సెలవు కాదనకూడదని శాలినీ ధర్మాని కేసులో 2024 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు చెప్పింది. టీచరమ్మలకు, ఉద్యోగినులకు అది ఆసరా. చెనిక్కాయ చేలో కూలికి పోయే తల్లికి, బండల పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేసే తల్లికి సెలవు ఎవరివ్వాలి?

ఇక వీళ్లందరినీ రాత్రిళ్లు లేపి కూర్చోబెట్టే ఆ ఒక్క మాట. "నేను పోయినాక వీడి గతేంది?" దీనికి పూర్తి జవాబు నా దగ్గర లేదు. కొంత జవాబు 1999 నేషనల్ ట్రస్ట్ చట్టంలో ఉంది. పద్దెనిమిదేళ్లు నిండిన బిడ్డకు చట్టబద్ధమైన సంరక్షకుడిని కలెక్టర్ ఆధ్వర్యంలోని స్థానిక కమిటీ నియమిస్తుంది. అదే ట్రస్టు నిరామయ బీమా ఏడాదికి లక్ష రూపాయల దాకా వైద్యానికి, థెరపీలకు వస్తుంది. ఆ చట్టం కింద సమర్థ్ అనే పథకం ఉంది. తల్లిదండ్రులకు ఊపిరి తీసుకునే వ్యవధి ఇవ్వడానికి బిడ్డను కొన్నాళ్లు ఉంచుకుని చూసే వసతి అది. అలాంటి వసతి ఒకటి జమ్మలమడుగుకు అందుబాటు దూరంలో పెట్టించాలని జిల్లా యంత్రాంగాన్ని, ఇక్కడి ప్రజాప్రతినిధులను అడుగుతున్నాను.

వసతి వచ్చేదాకా చదువరులకు ఒక మనవి. మీ వీధిలోనో మీ చుట్టాల్లోనో ఇలాంటి తల్లి తప్పకుండా ఉంటుంది. ఆమెకు ధైర్యం చెప్పి రాకండి. ఈ ఆదివారం ఏ వేళకు వచ్చి పిల్లోడి దగ్గర కూర్చోమంటుందో అడిగి, ఆ వేళకు వెళ్లండి. వచ్చే ఆదివారం కూడా వెళ్లండి.