కొండ ఎవరిది?

పిల్లలూ! మీ ఊరి పటం గీయమంటే ఎలా గీస్తారు? కాగితం బల్లమీద పరిచి, నడుమ ఇళ్ళు, ఒక ప్రక్క చెరువు, దాని దిగువ వరిచేలు, ఇంకో ప్రక్క రోడ్డు, బడి, గుడి గీస్తారు. గోదావరి లంకల్లోని ఊరికైనా, కృష్ణ ఒడ్డున వున్న ఊరికైనా ఆ పటం చాలును. అక్కడి నేల ఇంచుమించు మీ కాగితంలాగే చదునుగా వుంటుంది. కాని తూర్పు కనుమలలోని ఊరికి ఆ పటం పనికిరాదు. ఏ పొలం ఎంత ఎత్తున వున్నదో తెలియకపోతే ఆ ఊరి సంగతి ఏమీ తెలియనట్టే. ఈ నెల మనం అటువంటి ఊళ్ళకు పోదాం.

విశాఖపట్నం నుంచి కిరండూల్ వెళ్ళే రైలు ఎక్కండి. శృంగవరపుకోట దాటాక రైలు సొరంగాలలో దూరుతూ, లోయల అంచున మెలికలు తిరుగుతూ కొండ ఎక్కుతుంది. బొర్రా గుహలు దాటి, శిమిలిగూడ అనే చిన్న స్టేషను వచ్చేసరికి మనం సముద్రమట్టానికి సుమారు 1,000 మీటర్ల ఎత్తున వుంటాము. ఆ పైన కొంచెం దిగితే అరకు లోయ. వెయ్యి మీటర్లు ఎక్కితే వేడి ఇంచుమించు 6 డిగ్రీలు తగ్గుతుంది. అందుకనే విశాఖలో చెమటలు పోస్తున్న రోజున కూడా అరకులో చల్లగాలి తగులుతుంది. ఇది 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలోనిది. జిల్లా ముఖ్యపట్టణం పాడేరు. బగతలు, కొండదొరలు, కోదులు, వాల్మీకులు, పోర్జలు మొదలైన గిరిజనులు ఈ కొండల్లో సేద్యం చేస్తూ వుంటారు.

ఈ కొండలమీద పడిన వాన ఎక్కడికి పోతుందో చూడండి, భలే విచిత్రంగా వుంటుంది. అనంతగిరి కొండల్లో పుట్టిన గోస్తని బొర్రా గుహల గుండా పారి, తాటిపూడి జలాశయం నింపి, భీమునిపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. తాటిపూడి నీళ్ళు విశాఖ పట్నవాసులు తాగుతారు. మాడుగుల కొండల్లో పుట్టిన మత్స్యగెడ్డ మాత్రం సముద్రం వైపు తిరిగి చూడదు. అది ఉత్తరంగా పారి, మాచ్‌ఖండ్ అనే పేరుతో ఒడిశా సరిహద్దున డుడుమ జలపాతమై దూకి, సీలేరుగా మారి, శబరిలో కలిసి, చివరకు గోదావరిని చేరుతుంది. ఒకే వాన, ఒక చినుకు భీమిలి పోతే, దాని ప్రక్క చినుకు గోదావరి పోవచ్చునన్నమాట!

ఇక ఊరిలోకి పోదాం. ఏటవాలు కొండమీద వ్యవసాయం మూడు మెట్లుగా వుంటుందని అనుకోండి. అన్నిటికన్నా అడుగున, గెడ్డ ప్రక్కన, పల్లపు మడులు. గెడ్డ అంటే కొండవాగు. రాళ్ళు పేర్చి, మెట్లు మెట్లుగా గట్లు కట్టి, ఆ వాగు నీళ్ళను ఒక మడినుంచి ఇంకో మడిలోకి దింపుతూ వరి పండిస్తారు. కొండమీదినుంచి కొట్టుకువచ్చే ఒండ్రు ఆ గట్ల వెనకే నిలుస్తుంది. ఏ ఇంజనీరూ వచ్చి నేర్పిన విద్య కాదది. తాతముత్తాతలు వాగుతో పాటు నడిచి నేర్చుకున్నది.

దానిపైన, కొంచెం చదునుగా వుండే మెట్టనేలను గరువు అంటారు. అక్కడ చోళ్ళు, సామలు, కందులు, వలిసెలు వేస్తారు. చోళ్ళంటే మన రాగులే. వలిసెలు పూసిన రోజుల్లో లోయంతా పసుపు దుప్పటి కప్పినట్టుంటుంది. ఫోటోలు తీసుకోవడానికి పట్నంనుంచి జనం కార్లలో వస్తారు. వచ్చి చేలు తొక్కుతారు. ఆ పూలు ఫోటోల కోసం కాదు, నూనెగింజల కోసమని వారికి ఎవరైనా చెప్పాలి.

అన్నిటికన్నా పైన నిట్టనిలువు వాలుమీద వుండేది పోడు. చెట్లూ పొదలూ నరికి, ఎండబెట్టి, వానలకు ముందు కాల్చి, ఆ బూడిదలో అయిదారు రకాల గింజలు కలిపి చల్లుతారు. ఒక పంట పోయినా ఒకటి దక్కుతుంది. రెండు మూడేళ్ళు పండించి ఆ చోటు వదిలి ఇంకో చోటికి పోతారు. వదిలిన చోట మళ్ళీ అడవి లేస్తుంది. పోడును తిట్టిపోసేవారు చాలామంది వున్నారు. కాని వదిలిన నేలకు చాలినంత విశ్రాంతి దొరికినన్నాళ్ళూ పోడు అడవిని మింగలేదు. జనం పెరిగి, అడవి హద్దులు బిగిసి, ఆ విశ్రాంతి కాలం కురచ అయిపోవడంతోనే చిక్కు వచ్చింది. అడవి లేవకముందే మళ్ళీ కత్తి పడితే ఏమవుతుంది?

ఏమవుతుందో మీరే చేసి చూడండి. రెండు పాత పళ్ళాలలో మట్టి నింపండి. ఒకదానిమీద ఎండుటాకులు, గడ్డి దట్టంగా పరచండి. రెండోదాన్ని బోడిగా వుంచండి. రెండింటినీ ఒక ప్రక్క ఇటుకమీద ఆనించి, ఏటవాలుగా పెట్టి, చిల్లుల డబ్బాతో నీళ్ళు పోయండి. (ఇది పెరట్లో చేయండి. ఇంట్లో చేస్తే మీ అమ్మగారు నన్ను తిడతారు.) బోడి పళ్ళెంలోంచి బురదనీళ్ళు జర్రున జారతాయి. ఆకుల పళ్ళెంలోంచి తేటనీళ్ళు, అవి కూడా నెమ్మదిగా దిగుతాయి. పోయడం ఆపిన తరువాత కూడా కాసేపు కారుతూనే వుంటాయి. కొండమీద చెట్లున్న చోట వానాకాలం పోయాక కూడా గెడ్డ పారడానికి కారణం ఇదే.

ఇప్పుడు ఈ మూడు మెట్లనూ కలిపి ఆలోచించండి. పైన రంగయ్య పోడు కొట్టాడనుకోండి. అతనికి చోళ్ళు పండాయి. కాని అడుగున వరిమడి వున్న సోమయ్యకు, మొదట మడినిండా రాళ్ళూ ఇసుకా వచ్చి పడ్డాయి. తరువాత సంక్రాంతికే గెడ్డ ఎండిపోయింది. రంగయ్య చేసినది తప్పా? అతనికి పల్లపు మడి లేదు. పోడు కొట్టకపోతే పిల్లలకు అంబలి లేదు. సోమయ్య మాటా అబద్ధం కాదు. చదును నేలమీద నీ పొలం నీది, నా పొలం నాది అని గట్టు వేసుకుంటే సరిపోతుంది. ఏటవాలు నేలమీద ఆ గట్టు నిలవదు. అందరూ కూర్చుని మాట్లాడుకోక తప్పదు.

వెనకటి రోజుల్లో ఈ మాటలు ఊరిపెద్ద, అతనితోపాటు నలుగురు పెద్దలు చెట్టుకింద తేల్చేవారు. కట్టుబాట్లు కొన్ని పండుగల రూపంలో వుండేవి, ఇప్పటికీ వున్నాయి. కొత్త పంట చేతికి వచ్చినా, మామిడి కాయ కాసినా, ఊరంతా కలిసి కొత్తల పండుగ చేసుకునేదాకా ఎవరూ నోట పెట్టరాదు. కాయ ముదిరి, విత్తనం గట్టిపడేదాకా ఎవరూ తొందరపడకుండా వుండడానికి ఇంతకంటె మంచి ఏర్పాటు నాకు తోచదు. కొన్ని ఊళ్ళు కలిస్తే ఒక ముఠా. దానిమీద ముఠాదారు. అతను శిస్తు వసూలు చేసి పైవారికి కట్టేవాడు. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చాక అడవి సర్కారుదయింది, పోడుమీద ఆంక్షలు పడ్డాయి. 1922 నుంచి 1924 దాకా అల్లూరి సీతారామరాజు నడిపిన మన్యం తిరుగుబాటుకు ఇది ఒక ముఖ్య కారణం. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత 1969లో ముఠాలను రద్దుచేశారు.

నేను ఉద్యోగంలో వుండగా ఎనిమిదో తరగతిలో ఈ పాఠం చెపుతూ వుంటే, వెనక బల్లమీదినుంచి ఒక కుర్రవాడు లేచి, "అయితే మాస్టారూ, కొండ ఎవరిది?" అన్నాడు. తరగతంతా నవ్వింది గాని, అది నవ్వవలసిన ప్రశ్న కాదు. "మడి సోమయ్యది, అడవి సర్కారుది, వాగు ఎవరిదీ కాదు, అందరిదీ" అన్నాను. "మరి ముగ్గురికీ తగువొస్తే?" అన్నాడు వాడు. వాడి రెండో ప్రశ్నకు చట్టం నెమ్మదిగా, మెట్టు మెట్టుగా జవాబు చెప్పింది.

మొదటి మెట్టు 1959లో వచ్చిన భూమి బదలాయింపు నిబంధన. గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోరాదన్నది. 1970లో దానిని మరింత బిగించారు. ఆ పైన 1996లో పార్లమెంటు చేసిన పంచాయతీల చట్టాన్ని, దాని ఇంగ్లీషు పేరులోని మొదటి అక్షరాలతో 'పెసా' అంటారు. అరకు, పాడేరులే కాదు, తెలంగాణాలోని ఉట్నూరు, భద్రాచలం ఏజెన్సీ ఊళ్ళకు కూడా అదే వర్తిస్తుంది. అందులో నాకు నచ్చిన విషయం ఒకటున్నది. ఊరంటే ఏమిటి అన్న ప్రశ్నకు అది కాగితంమీది హద్దులతో జవాబు చెప్పదు. తమ ఆచారం ప్రకారం తమ వ్యవహారాలు తామే చూసుకునే జనం వుండే గూడెమే ఊరు అంటుంది. కొండల్లో ఒక పంచాయతీ కింద ఎన్నో గూడేలుంటాయి. ఒక గూడెంనుంచి ఇంకో గూడేనికి ఒక పూట నడక కావచ్చు. వాగు ఆరిన సంగతి ఆ వాగు ప్రక్కవారికే తెలుస్తుంది. అందుచేత ఓటున్న పెద్దలందరూ కూర్చునే గ్రామసభ గూడెం గూడెంలోనూ వుండవచ్చునన్నమాట. చిన్న నీటివనరుల నిర్వహణ, అడవిలో దొరికే చింతపండు, తేనెవంటి వాటిమీద హక్కు, భూమి తీసుకోబోయే ముందు సంప్రదింపు, ఇవన్నీ ఆ చట్టంలో వున్నాయి.

ఆ మరుసటి ఏడే పెద్ద పరీక్ష వచ్చింది. బొర్రా ప్రాంతంలో గనుల కోసం కౌళ్ళు ఇవ్వడంమీద 'సమత' అనే సంస్థ వేసిన దావాలో, 1997 జూలై 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. గిరిజన ప్రాంతంలో ప్రభుత్వ భూమినైనా సరే, గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు గనుల కోసం కౌలుకివ్వరాదు. భూమి బదలాయింపు నిబంధనలోని 'వ్యక్తి' అన్న మాటలోకి ప్రభుత్వం కూడా వస్తుందని కోర్టు అన్నది. ఆలోచించండి: నిబంధన వ్రాసిన ప్రభుత్వమే ఆ నిబంధనకు లోబడాలి!

2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. 2005 డిసెంబరు 13కు ముందునుంచి సాగుచేసుకుంటున్న గిరిజనులకు, ఒక కుటుంబానికి 4 హెక్టార్లకు మించకుండా, పట్టా ఇస్తారు. పట్టా భార్యాభర్తలిద్దరి పేరా వుంటుంది. పిల్లలకు సంక్రమిస్తుంది గాని అమ్ముకోవడానికి వీల్లేదు. ఆ చట్టంలోనే, ఊరంతటికీ కలిపి అడవిమీద సాముదాయిక హక్కు కూడా వున్నది. జనం మొదటిదానికోసం బారులు తీరారు. నేనైతే రెండోదే ముఖ్యమంటాను. పట్టా రంగయ్యకు పోడునేల ఇస్తుంది, సోమయ్య వాగును మాత్రం కాపాడలేదు.

ఇప్పుడు చాలా వాలులమీద పోడు తగ్గి కాఫీ వచ్చింది. కాఫీచెట్టుకు నీడ కావాలి. అందుచేత పైన పెద్దచెట్లు నిలిచి వుంటాయి. వాటికి మిరియపు తీగ ప్రాకిస్తారు. కింద ఆకు రాలి మన్నును కప్పుతుంది. మన ఆకుల పళ్ళెం లాంటిదే! అరకు లోయ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నీడకోసం నాటే సిల్వర్ ఓక్ ఆస్ట్రేలియానుంచి వచ్చినది. త్వరగా పెరుగుతుంది గాని దాని ఆకు త్వరగా కుళ్ళదు. నన్నడిగితే పనస, మామిడి మేలు.

కాఫీతో కూడా కూర్చుని మాట్లాడుకోక తప్పదు. 2025లో అరకు ప్రాంతపు తోటల్లో కాఫీకాయను తొలిచే పురుగు కనిపించింది. అది ఆవగింజంత వుంటుంది. ఆడపురుగు కాయలో తొర్ర చేసి లోపల గుడ్లు పెడుతుంది. మందు అంత తేలిగ్గా కాయలోపలికి పోదు. పుచ్చు కాయలను ఏరి, మరిగే నీళ్ళలో ముంచి, గుంటలో పాతాలి. ఒక్కరు రాలిన కాయలను అలాగే వదిలేసినా, పురుగు గట్టు దాటి ప్రక్కతోటలోకి పోతుంది. రంగయ్యకూ సోమయ్యకూ మళ్ళీ పని తగిలిందన్నమాట.

ఈ నెల మీ పని: మీ ఊరి వాగు గాని, కాలువ గాని ఏ కొండలో పుట్టిందో కనుక్కోండి. పట్నం పిల్లలు తమ కుళాయి నీళ్ళు ఎక్కడివో అడగండి. ఈసారి పైనుంచి చూసిన పటం కాదు, ప్రక్కనుంచి చూసినట్టు, కొండ శిఖరంనుంచి మీ ఇంటిదాకా ఒక గీత గీసి, దారిలో ఏమేమి వున్నవో వ్రాయండి. అందులో ప్రతి మెట్టూ ఏ గ్రామసభ కిందికి వస్తుందో మీ నాన్నగారినో అమ్మగారినో అడిగి వ్రాయగలిగితే మరీ మంచిది.