నిరీక్షణ అంటే కూర్చోవడం కాదు

మాది ఒడిశాలోని కోరాపుట్ జిల్లా, నారాయణపట్న. ఇంట్లో నాన్నతో తెలుగు, అమ్మతో ఒడియా. ఇంగ్లిషువాళ్లు ‘హోప్’ అనేదాన్ని తెలుగు బైబిల్లో ‘నిరీక్షణ’ అన్నారు. అమ్మ మాత్రం ‘భరసా’ అంటుంది. మన భరోసాకి చుట్టం. రెండూ ఒకటేనా అని నాకు చిన్నప్పట్నుంచీ అనుమానమే.

నిరీక్షణ అంటే ఎదురుచూపు. కొత్త ఆకాశం, కొత్త భూమి వస్తాయని ప్రకటన గ్రంథం 21వ అధ్యాయం చెబుతుంది. మరి అంతవరకూ చేతులు కట్టుకుని కూర్చోవాలా? మా వైపు ఆ మాట అనడం కష్టం. చేజారిన భూముల కోసం ఆదివాసులు పోరాడిన చోటది. 2009 నవంబర్ 20న నారాయణపట్న పోలీస్ స్టేషన్ దగ్గర జరిగిన కాల్పుల్లో ఇద్దరు ఆదివాసులు చనిపోయారు. అలాంటి ఇంటికెళ్లి ‘పరలోకంలో అంతా బాగుంటుందిలే’ అంటే అది ఓదార్పు కాదు, నోరు మూయించడం.

రోమీయులకు రాసిన పత్రిక 8వ అధ్యాయంలో పౌలు వేరే మాట చెప్తాడు. మనుషులే కాదు, సృష్టి మొత్తం పురిటినొప్పులు పడుతోందట. అంటే ఈ నేలని వదిలి పారిపోవడం కాదు, ఈ నేలే బాగుపడటం. పురిటింట్లో కూడా అందరూ ఎదురుచూస్తారు. కానీ ఎవరైనా ఊరికే కూర్చుంటారా? ఒకరు నీళ్లు కాస్తారు, ఒకరు మంత్రసానికి కబురు పెడతారు.

అందుకే నాకిప్పుడు రెండు మాటలూ కావాలి. బిడ్డ పుడుతుందన్న భరసా ఉంటేనే నిరీక్షణలో చేతులు ఆడతాయి.