నాయకుడి కాగితాలు ఎవరి ఆస్తి?

ఆచార్య ఎన్.జి. రంగా 1930లో కేంద్ర శాసనసభలో అడుగుపెట్టారు. పార్లమెంటు సభ్యుడిగా చివరిసారి బయటికి వచ్చింది 1991లో. ఓడిపోయి ఇంటిపట్టున ఉన్న ఏళ్లు తీసేసినా యాభై ఏళ్ల చట్టసభ జీవితం. అందుకే ఆయన పేరు గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. గుంటూరు జిల్లా నిడుబ్రోలులో పుట్టి, ఆక్స్‌ఫర్డ్‌లో అర్థశాస్త్రం చదివి, మద్రాసులో పాఠాలు చెప్పి, రైతు ఉద్యమంలోకి దూకిన మనిషి. ఈ రోజు ఆయన పేరు మీద వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉంది, విగ్రహాలున్నాయి, తపాలా బిళ్ల ఉంది. కానీ ఆ యాభై ఏళ్లూ చట్టసభల్లో ఆయన ఏం చేశారో చెప్పమంటే ఆ విశ్వవిద్యాలయంలో చదివే పిల్లలే కాదు, ఆయనకు ఓటేసిన తరం కూడా తడుముకుంటుంది.

గుర్తున్నదల్లా పార్టీల చిట్టా. 1951లో ఆంధ్ర కాంగ్రెస్ కమిటీ అధ్యక్ష పదవికి పోటీపడి నీలం సంజీవరెడ్డి చేతిలో ఓడారు. కాంగ్రెస్ వదిలి ప్రకాశం పంతులుతో కలిశారు, వెంటనే విడిపోయి కృషికార్ లోక్ పార్టీ పెట్టారు. 1955 ఎన్నికల నాటికి మళ్లీ కాంగ్రెస్ పక్షాన ఉన్నారు. 1959లో బయటికొచ్చి స్వతంత్ర పార్టీకి వ్యవస్థాపక అధ్యక్షుడయ్యారు. 1972లో మళ్లీ కాంగ్రెస్. ఇంతవరకే చదివితే ఎవరైనా ఏమనుకుంటారు? గాలివాటు మనిషి అనుకుంటారు. చరిత్రను ఎన్నికల ఫలితాల పట్టికగా చదివితే ఇలాంటి తీర్పులే వస్తాయి.

పార్లమెంటు చర్చలు తిరగేస్తే వేరే మనిషి కనిపిస్తారు. 1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెస్ మహాసభ ఉమ్మడి సహకార సేద్యం తీర్మానం చేసింది. నెహ్రూకు ఎదురు చెప్పడమంటే రాజకీయ ఆత్మహత్య అనుకునే రోజులవి. అప్పటికి రంగా కాంగ్రెస్ పార్లమెంటరీ పార్టీ కార్యదర్శి. సొంత భూమిలో సొంతంగా సేద్యం చేసుకునే రైతును ఆ తీర్మానం కూలీగా మారుస్తుందని వాదించి, ఆ పదవినీ పార్టీనీ కూడా వదులుకున్నారు. ఆ తర్వాత ఎన్నికలో, 1962లో, తెనాలిలో ఓడిపోయారు. చిత్తూరు ఉపఎన్నికలో గెలిచి సభకు తిరిగొచ్చి, స్వతంత్ర పార్టీ పక్ష నాయకుడిగా అదే వాదన కొనసాగించారు. 1967లో ఆ పార్టీ 44 స్థానాలతో లోక్‌సభలో అతిపెద్ద ప్రతిపక్షంగా నిలిచింది. ఆ ఎన్నికలో ఆయన్ని పంపింది శ్రీకాకుళం.

ఆ కాలపు పోరాటాల్లో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది 1964 నాటి పదిహేడో రాజ్యాంగ సవరణ. కాస్త వివరంగా చెప్పుకోవాలి. జమీందారీల రద్దు చట్టాలు కోర్టుల్లో వీగిపోకుండా ఉండేందుకు రాజ్యాంగంలో ‘ఎస్టేటు’ భూములకు ప్రత్యేక నిబంధన పెట్టారు. ఎస్టేటును ప్రభుత్వం తీసుకుంటే ప్రాథమిక హక్కుల పేరుతో దాన్ని సవాలు చేయడానికి వీల్లేదు. అయితే కేరళ భూసంస్కరణ చట్టంపై వచ్చిన కేసులో, రైత్వారీ పట్టా భూమి ఎస్టేటు కిందికి రాదని సుప్రీంకోర్టు 1961 డిసెంబరులో తేల్చింది. ఆ తీర్పును దాటడానికి, ఎస్టేటు నిర్వచనంలోకి రైత్వారీ భూమిని కూడా చేర్చారు. కోర్టుల్లో సవాలుకు అందకుండా 44 చట్టాలను రాజ్యాంగం తొమ్మిదో షెడ్యూలులో పెట్టారు. కృష్ణా, గుంటూరు జిల్లాల డెల్టాలో సర్కారుకు నేరుగా శిస్తు కట్టుకునే పట్టాదారు రైతు పేరు జమీందారు పక్కన చేరిందన్నమాట. వెంకటగిరి జమీందారీ రైతుల కోసం 1930లలో పోరాడిన రంగాకు ఇది ఎలా ఉండి ఉంటుంది? తాను ముప్పై ఏళ్లు ఎవరి మీద పోరాడాడో, ఎవరి పక్షాన పోరాడాడో, ఇద్దరినీ రాజ్యాంగం ఒకే గాటన కట్టేసింది. ఆయన ఆగ్రహం అక్కడి నుంచి వచ్చింది. ఈ ఒక్క వరుస పట్టుకుంటే 1951, 1959, 1972ల్లో మారిన పార్టీల వెనుక మారని పట్టుదల ఒకటి కనబడుతుంది.

అదే సవరణలో మరో నిబంధన ఉంది. పరిమితికి లోబడి స్వయంగా సాగు చేసుకుంటున్న భూమిని ప్రభుత్వం తీసుకుంటే మార్కెట్ విలువకు తగ్గకుండా పరిహారం ఇవ్వాలన్నది ఆ నిబంధన. చిన్న రైతుకు అది నిజమైన రక్షణ. అది ఎలా చేరింది? ఎవరి ఉత్తరం ఏ మంత్రిని కదిలించింది? ఏ ముసాయిదాలో ఏ వాక్యం కొట్టేసి ఏది రాశారు? సభలో చదివిన ప్రసంగాలు ఈ ప్రశ్నలకు జవాబివ్వవు. సభలో వినబడేది ముగింపు. బేరసారాలు, ఒత్తిళ్లు, రాజీలు ఉత్తరాల్లోనూ, ముసాయిదాల అంచుల్లో పెన్సిలు రాతల్లోనూ ఉంటాయి. అందుకే చట్టసభ సభ్యుడి సొంత కాగితాలు సభా కార్యకలాపాల రికార్డుకు ప్రత్యామ్నాయం కావు, దాని రెండో సగం.

ఇంకో కారణానికి కూడా అవి కావాలి. రంగాను అభిమానించేవాళ్లు ఆయన రైతు పక్షపాతాన్ని చెబుతారు. విమర్శించేవాళ్లు ఏ రైతు అని అడుగుతారు. 1936లో లక్నోలో అఖిల భారత కిసాన్ సభ ఏర్పడినప్పుడు స్వామి సహజానంద సరస్వతి అధ్యక్షుడు, రంగా ప్రధాన కార్యదర్శి. అదే కాలంలో నెల్లూరు జిల్లా అలగానిపాడులో పుచ్చలపల్లి సుందరయ్య వ్యవసాయ కూలీలను సంఘంగా కూడగడుతున్నారు. భూమి ఉన్న రైతు బాధ, ఆ భూమిలో కూలికి వచ్చిన మనిషి బాధ ఒకటి కావన్నది సుందరయ్య దారి. కౌలుదారులు, కూలీలు రంగాకు ఏం రాశారు, వాళ్లకు ఆయన ఏం జవాబిచ్చారు అన్నది చూడకుండా ఈ వాదం తేలదు. నా మటుకు నాకు విమర్శకుల ప్రశ్న సబబుగానే తోస్తుంది. రంగా కళ్లకు పట్టాదారు కనిపించినంత స్పష్టంగా పాలేరు కనిపించలేదనిపిస్తుంది. కానీ ఈ మాట నేను ప్రసంగాలు చదివి అంటున్నాను. ప్రసంగాల్లో నాయకుడు తాను కనబడాలనుకున్నట్టు కనబడతాడు. తనకు తెలిసిన ఊరి మనిషికి పోస్టుకార్డు మీద రాసిన జవాబులో ఉన్నట్టు ఉంటాడు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. మన దగ్గర ఆ రెండో సగం ఏమవుతోంది?

మొదటి సగానికి కొంత భద్రత ఉంది. లోక్‌సభ, రాజ్యసభ చర్చలే కాదు, బ్రిటిషు కాలపు కేంద్ర శాసనసభ చర్చలు కూడా పార్లమెంటు డిజిటల్ గ్రంథాలయంలో ఎవరైనా చదువుకోవచ్చు. ఢిల్లీ తీన్‌మూర్తి భవన్‌లో నెహ్రూ స్మారక గ్రంథాలయంగా మొదలై, 2023లో ప్రధానమంత్రుల మ్యూజియం, గ్రంథాలయంగా పేరు మారిన సంస్థ జాతీయ నాయకుల సొంత పత్రాలను ఏళ్లతరబడి సేకరించింది. అక్కడి సిబ్బంది చేసిన మేలు చిన్నది కాదు. అయితే ఆ సేకరణ స్వభావం వల్లే అక్కడికి చేరేది ఢిల్లీ స్థాయి వ్యవహారం. అందులో సింహభాగం ఇంగ్లిషులోనే ఉంటుంది. పొన్నూరు సంత నుంచి, టెక్కలి తాలూకా నుంచి తెలుగులో వచ్చిన అర్జీ అక్కడిదాకా పోవడం కష్టం. పోయినా, దాన్ని చూడాలంటే నిడుబ్రోలు విద్యార్థి ఢిల్లీ రైలెక్కాలి.

చట్టం కూడా ఆదుకోదు. 1993 నాటి పబ్లిక్ రికార్డుల చట్టం కేంద్ర మంత్రిత్వ శాఖల, ప్రభుత్వ రంగ సంస్థల ఫైళ్లను రక్షిస్తుంది. ఎంపీ సొంత కార్యాలయంలో పోగుపడిన ఉత్తరాలు దాని పరిధిలో లేవు. మంత్రి బల్ల మీద ఉన్నంతసేపు అర్జీ ప్రజల రికార్డు. అదే అర్జీ నకలు ఎమ్మెల్యే ఇంటి బీరువాలో ఉంటే కుటుంబ ఆస్తి. ఎన్నికల్లో ఓడిన సభ్యుడు క్వార్టరు ఖాళీ చేసే రోజున ఆ బీరువాలకు ఏం జరుగుతుందో తెలియంది కాదు. కుర్చీలు, టీవీ లారీ ఎక్కుతాయి. ఫైళ్లు పాత పేపర్లతో కలిసి తూకానికి పోతాయి. మిగిలినవి సొంతూళ్లో అటక మీదికి చేరి, చెదలకు ఆహారమవుతాయి. ఎవరూ చెడ్డవాళ్లు కానక్కర్లేదు. వాటికి విలువ ఉందని ఎవరూ చెప్పకపోతే చాలు.

అమెరికాలో కూడా సభ్యుడి కాగితాలు సభ్యుడివే. తేడా వచ్చింది అలవాటులో. మిషిగన్ నుంచి జాన్ డింగెల్ 1955 డిసెంబరు నుంచి 2015 జనవరి దాకా ప్రతినిధుల సభలో ఉన్నారు. ఆ దేశ కాంగ్రెస్ చరిత్రలో అంతకాలం పనిచేసినవాళ్లు లేరు. జాతీయ ఆరోగ్య బీమా బిల్లును తండ్రి ప్రవేశపెట్టినట్టే, తానూ ప్రతి సభాకాలంలో మళ్లీ మళ్లీ ప్రవేశపెట్టారు. ప్రభుత్వ సంస్థలను నిలదీస్తూ ఆయన రాసే ఉత్తరాలకు ‘డింగెల్‌గ్రామ్‌లు’ అని పేరే పడింది. ఆయన పత్రాలు మిషిగన్ విశ్వవిద్యాలయంలోని బెంట్లీ చారిత్రక గ్రంథాలయానికి చేరాయి. వాహన పరిశ్రమకు కొమ్ముకాశాడని ఆయన్ని తిట్టేవాళ్లు, అంతరించే జీవుల రక్షణ చట్టం తెచ్చాడని మెచ్చుకునేవాళ్లు, ఇద్దరూ అక్కడికే వెళ్లాలి. సభ్యుల పత్రాలను పరిశోధనా సంస్థలకు అప్పగించాలని కోరుతూ కాంగ్రెస్ 2008లో తీర్మానమే చేసింది. కమిటీల రికార్డులు మాత్రం సభ్యుడి సొంతం కావు. అవి జాతీయ ఆర్కైవ్స్‌కు వెళతాయి. మామూలు రికార్డులను సెనేట్ ఇరవై ఏళ్లకు, ప్రతినిధుల సభ ముప్పై ఏళ్లకు తెరుస్తాయి. ఇందులో మనం చేయలేనంత ఖర్చు ఏమీ లేదు.

మన నేల మీద ఆదర్శాలు లేవనుకోనక్కర్లేదు. వేటపాలెం సారస్వత నికేతనం 1918 నుంచి పాత పత్రికలను కాపాడుతోంది. ఒక్కో పత్రిక కోసం పరిశోధకులు దేశం నలుమూలల నుంచి అక్కడికి వస్తారు. ఏ ప్రభుత్వం ఆదేశిస్తే పుట్టింది కాదది. హైదరాబాద్ బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఒక శాసనసభ్యుడి పేరు మీద నిలబడిన గ్రంథాలయం. గన్నవరం నుంచి పలుమార్లు శాసనసభకు గెలిచిన సుందరయ్యకు ఇంతకంటే తగిన స్మారకం ఉండదు. 2000 ఆగస్టు వరదల్లో అక్కడి అపురూపమైన ఉర్దూ సేకరణ తడిసిపోయింది. దాన్ని బతికించడానికి ఎందరో కష్టపడ్డారు. కాగితాలను దాచడమంటే గది కేటాయించడం కాదని, ఏ అంతస్తులో పెట్టాలన్నది కూడా చరిత్రను నిర్ణయిస్తుందని ఆ వరద నేర్పింది.

గుంటూరు దగ్గర లాంలో రంగా పేరున్న విశ్వవిద్యాలయం ఉంది. ఇటీవలి దశాబ్దాల్లో అది వంగడాలు ఇచ్చింది, పట్టభద్రులను ఇచ్చింది. రైతు రాజకీయ చరిత్రకు పత్ర భాండాగారంగా కూడా అదే సరైన చోటు. 1937-38లో ఇచ్ఛాపురం నుంచి మద్రాసు దాకా సాగిన రైతు రక్షణ యాత్రను తలుచుకోండి. ఊరూరా రైతులు తమ గోడు కాగితం మీద పెట్టి యాత్రికుల చేతికిచ్చారు. శిస్తు, అప్పు, జమీందారు బలవంతపు వసూళ్లు, నీటి తగాదా, అన్నీ అందులో ఉన్నాయి. కోస్తా ఆంధ్ర రైతు తనంత తానుగా చెప్పుకున్న ఆ మాటలు ఒక్కచోట దొరికితే, మన వ్యవసాయ చరిత్రను అంకెలకు బదులు గొంతులతో రాయగలిగేవాళ్లం. అర్జీ రాసేది చదువు వచ్చినవాడే కాదు. కరణం దగ్గర కూర్చుని రాయించుకున్నవాడి మాట కూడా ఆ కాగితంలో ఉంటుంది. చివర్లో వేలిముద్ర ఉంటుంది.

ఇలాంటి కాగితాలను కాపాడే పనికి రెండు తెలుగు రాష్ట్రాల శాసనసభా సచివాలయాలు పూనుకోవాలి. సభ్యుడు ప్రమాణం చేసిన రోజునే ఒక అంగీకార పత్రం ఇవ్వొచ్చు: పదవీకాలం ముగిశాక నా కార్యాలయ పత్రాలను ఫలానా సంస్థకు అప్పగిస్తాను, ఇన్నేళ్లు తెరవవద్దు అని. సంతకం పెట్టడం, పెట్టకపోవడం వాళ్ల ఇష్టం. పెట్టినవాళ్ల పేర్లు మాత్రం అందరికీ తెలిసేలా ప్రకటించాలి. అర్జీదారుల సొంత వివరాలు బయటపడతాయన్న భయం న్యాయమైనదే. ఇరవై, ముప్పై ఏళ్ల గడువు, పేర్లు కప్పిన నకళ్లు అందుకే. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా ఆర్కైవుల పనికి నిబంధనలతో కూడిన మినహాయింపు ఇచ్చింది. జాబితాలు తెలుగులో ఉండాలి. సూచీ లేని పెట్టెలు వెయ్యి ఉన్నా పరిశోధకుడికి ఉపయోగం లేదు.

ఇవాళ్టి సభ్యుల విషయంలో ఆలస్యం ఇంకా ప్రమాదం. అర్జీ ఇప్పుడు వాట్సాప్‌లో ఫొటోగా వస్తోంది. జవాబు గొంతు సందేశంగా పోతోంది. ఫోను మారితే ఐదేళ్ల నియోజకవర్గ చరిత్ర మారిన ఫోనుతోనే పోతుంది. పోస్టుకార్డుకు కనీసం చెద పట్టడానికి కొన్నేళ్లు పట్టేది.

రంగా 1980, 1984, 1989 ఎన్నికల్లో గుంటూరు నుంచి లోక్‌సభకు గెలిచారు. ఆ పదకొండేళ్లలో ఆయన టపా విప్పినవాళ్లు, జవాబులు టైపు చేసినవాళ్లు, మిర్చి ధర పడిపోయినప్పుడు ఆయన దగ్గరికి రైతులను తీసుకెళ్లినవాళ్లు ఇంకా ఉంటారు. వాళ్ల వయసు ఇప్పుడు డెబ్బైకి అటూ ఇటూ. ఏ అర్జీ ఎవరి ఇంట్లో ఉందో, ఏ కట్ట ఎవరి అటక మీద ఉందో వాళ్లకే తెలుసు. లాం విశ్వవిద్యాలయం ఇద్దరు పరిశోధక విద్యార్థులకు ఒక రికార్డరు ఇచ్చి ఈ వేసవిలోనే వాళ్ల దగ్గరికి పంపాలి.